ఆకాశమార్గమున కావలి

రొద్దములో పలికిన మాట ధర్మవరము చేరవలెననుకొందము. నడుమ తీగె లేదు, స్తంభము లేదు. పెనుగొండలోని యంత్రమొకటి దానినందుకొని ముందుకు పంపును. ఇట్లు ఉన్న యంత్రములే ఒకదానికొకటి వార్తాహరులగు రేడియోజాలమును గూర్చి అమెరికా రక్షణశాఖ 1973లో పరిశోధన ప్రారంభించినది. యుద్ధభూమిలో ఒక యంత్రము కూలినను వార్త ఆగరాదని వారి తలంపు.

అయితే పెనుగొండ యంత్రము శత్రువు చేజిక్కినచో? రహస్యలిపి మాత్రమే చాలదు. చదువలేని ఉత్తరమునైనను దొంగ చింపివేయగలడు గదా! దగ్గరిదారి తనదేయని చాటి, వచ్చిన వార్తలనెల్ల మ్రింగు యంత్రమునకు శాస్త్రజ్ఞులు 'కృష్ణబిలము' అని పేరిడిరి.

2000లో స్టాన్‌ఫర్డు పరిశోధకులొక యుపాయము చెప్పిరి. రొద్దము యంత్రము మాట పంపి యూరకుండక, పెనుగొండ దానిని తిరిగి పలికెనా యని చెవి యొగ్గును. పలుకకున్న వేరుదారి వెదకును. గాలిలోని మాట ఎల్లరికిని వినబడుననెడి లోపమునే కావలిగా నిలిపిన యీ యూహ మాకు మిక్కిలి నచ్చినది. కాని రెండు ప్రసారములు ఒకేసారి తగులుకొన్నప్పుడు ఆ పలుకు వినరాదు. నిర్దోషియు దొంగగా తోచును.

మన హ్యామ్ రేడియోవారిది మరియొక మార్గము. వారికి రహస్యలిపి నిషిద్ధము. పలుకువాడు తన గుర్తుపేరు చెప్పితీరవలెను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ పంపిన బృందము పోర్టుబ్లెయిరులోనే యుండెను. బ్రతికియున్నవారి క్షేమవార్తలను వారు ప్రధానభూభాగమునకు బహిరంగముగనే పంపిరి.