టోక్యోలో కాఫీశాలలు, బర్గరు అంగళ్లు

పరదేశపు పానీయమో, తినుబండారమో ఒక నగరమునకు వచ్చినపుడు దాని రుచిని గూర్చియే మనము తరచు మాటలాడుకొందుము. దానితోపాటు అచటి ప్రజలకు కూర్చుండుటకు ఒక చోటు లభించినదా లేదా అను ప్రశ్న మనకు తట్టదు. జపాను రాజధానియగు టోక్యోలో కాఫీశాలల చరిత్రను పరిశీలించినచో ఈ ప్రశ్నయే ముఖ్యమని తోచును.

1888 ఏప్రిలు మాసమున, ఉయెనో ప్రాంతమున, తేయి ఎయికేయి అను విద్యావంతుడు ‘కాహీ చాకాన్’ అను కాఫీశాలను తెరచెను. అందు బల్లలు, కుర్చీలు, వార్తాపత్రికలు, బిలియర్డు ఆట, ఉత్తరములు వ్రాసికొనుటకు తగిన సామగ్రి ఉండెను. కాఫీ వెల ఒకటిన్నర సెన్ను. పాలు కలిపినచో రెండు సెన్నులు. యెన్నులో నూరవ వంతు సెన్ను. ఆయన అమ్మదలచినది కాఫీని మాత్రమే కాదు. సామాన్యులు కలసి కూర్చుండి చదువుకొని, ముచ్చటించుకొను చోటును. కాని ఆ శాల నష్టములపాలై కొలది యేండ్లకే మూతపడెను. ఆయన అమెరికాకు వెడలి, 1895లో అచటనే మరణించెను.

ఆ కోరిక 1911లో గింజా వీధిలో ఫలించెను. ఆ ఒక్క సంవత్సరముననే ప్రెంతాఁ, లయన్, పౌలిస్తా అను మూడు శాలలు అచట వెలసెను. వీనిలో పౌలిస్తా కథ విశేషమైనది. దాని స్థాపకుడు మిజునో ర్యో 1908లో 781 మంది ఒప్పంద కూలీలను కసాతో మారు అను ఓడలో కోబె రేవునుండి బ్రెజిలునకు తోడ్కొనిపోయిన వ్యక్తి. కాఫీ తోటలలో కూలి తక్కువ, అప్పు ఎక్కువ. పలువురు ఏడాది తిరుగకుండగనే తోటలను విడిచిపోయిరి. వలసదారులను తెచ్చినందులకును, తమ పంటకు జపానులో ప్రచారము కలుగుటకును సావొ పౌలో ప్రభుత్వము మిజునోకు కాఫీగింజలను ఉచితముగా ఇచ్చెను. అందువలననే పౌలిస్తాలో కప్పు కాఫీ అయిదు సెన్నులకే దొరకెను. విద్యార్థులు, రచయితలు గంటల తరబడి కూర్చుండి సాహిత్యచర్చలు సాగించుట కా చౌక వెల తోడ్పడెను. ఆ కప్పు వెనుక సముద్రము దాటిన కూలీల చెమట ఉన్నదని మనము మరువరాదు.

ఈ శాలల చరిత్రతో మన దేశమునకును సంబంధము కలదు. ఆంగ్ల ప్రభుత్వమునకు చిక్కక 1915లో జపాను చేరిన రాస్ బిహారీ బోసునకు షింజుకులోని నకమురాయా రొట్టెల దుకాణము యజమానులగు సోమా దంపతులు ఆశ్రయమిచ్చి దాచిరి. వారి కుమార్తెను ఆయన వివాహమాడెను. 1927లో ఆ దుకాణమున ఫలహారశాలను తెరచినపుడు బోసు నేర్పిన భారతీయపు కూర అందు వడ్డింపబడెను. ప్రవాసికి దొరకిన నీడ ఆ విధముగా నగరపు రుచియై నిలిచెను.

యుద్ధకాలమున కాఫీ దిగుమతి నిలిచిపోయెను. వేయించిన సోయా గింజలు మొదలగువాని కషాయమునే కాఫీయని త్రాగవలసివచ్చెను. 1950లో దిగుమతి మరల ఆరంభమయ్యెను. 1945 నాటి బాంబుదాడులలో కాలిపోయిన షిబుయాలోని లయన్ సంగీతశాల ఆ 1950లోనే పునర్నిర్మింపబడెను. గింజా లయన్ వేరు, ఇది వేరు. గ్రామఫోను రికార్డులను కొనజాలనివారు ఒక కప్పు కాఫీ వెలతో అందు బీతోవెనును వినగలిగిరి. అచట బిగ్గరగా మాటలాడరాదు, ఆలకించుటయే నియమము. ఇరుకు ఇండ్లలో నివసించు నగరవాసులకు ఇట్టి శాలలు రెండవ చావడివలె ఉపకరించెను.

1969లో ఆహారశాలల వ్యాపారమున విదేశీ పెట్టుబడికి ద్వారములు తెరువబడెను. 1971 జూలై 20న గింజాలోని మిత్సుకోషి బజారు క్రింది అంతస్తున మెక్‌డొనాల్డ్స్ అంగడి వెలసెను. బజారుకు సెలవు దినము కలసివచ్చుటచే 39 గంటలలో దానిని నిర్మించిరి. బర్గరు వెల 80 యెన్నులు. అందు కుర్చీలు లేవు! నడచుచు తినుట అమర్యాదయని పెద్దలు నేర్పిన దేశమున యువజనులు వీధిలో నిలిచి తినసాగిరి. అరువది యేండ్ల క్రిందట ఆ వీధికి వచ్చిన కాఫీ జనులను కూర్చుండబెట్టెను. బర్గరు వారిని లేపి నిలబెట్టెను.

అయినను జపానీయులు దానిని ఉన్నదున్నట్లు స్వీకరింపలేదు. 1972లో టోక్యో శివారగు నరిమసులో సకురదా సతోషి మోస్ బర్గరు అను చిన్న అంగడిని స్థాపించెను. అచట అడిగిన పిమ్మటనే వండుదురు. కొనువాడు కొంతసేపు వేచియుండవలెను. 1973లో సోయా పులుసు, చక్కెరలతో కూడిన తెరియాకి బర్గరును, 1987లో రొట్టెకు బదులు అన్నపు బిళ్లలతో చేసిన బర్గరును ఆ సంస్థ ప్రవేశపెట్టెను.

జపాను మొత్తముమీద 1981లో సుమారు 1,55,000 కాఫీశాలలు ఉండగా, 2021 నాటికి 60,000 కంటె తక్కువ మిగిలెను. యజమానులు వృద్ధులగుచున్నారు, వారి పిల్లలు వేరు వృత్తులను ఆశ్రయించుచున్నారు. కాఫీ మాత్రము కరవు కాలేదు. డబ్బాలలోను, కాగితపు కప్పులలోను అడుగడుగున దొరకుచునే యున్నది. కరవగుచున్నది, లెమ్మనువారు లేని ఆ కుర్చీ. తేయి ఎయికేయి 1888లో నష్టమున కోర్చి నగరమునకు చూపినది దానినే. రుచులను దేశదేశములనుండి తెచ్చుకొనవచ్చును. తీరికగా కూర్చుండు చోటును మాత్రము ఏ నగరమునకు ఆ నగరమే కాపాడుకొనవలెను.