కొత్తగా బైక్ నేర్చుకుంటున్నారా? ముందు క్లచ్ సంగతి చూడండి!

కొత్తగా బైక్ నేర్చుకునేవాళ్లలో చాలామంది మొదటి రోజే బెదిరిపోతారు. కారణం క్లచ్. ఒక్కసారిగా వదిలేస్తే బండి ముందుకు దూకుతుంది, లేదంటే ఇంజిన్ ఆగిపోతుంది. అందరికీ జరిగేదే, సిగ్గుపడాల్సిన పని లేదు. ఖాళీ గ్రౌండ్‌లో ఫస్ట్ గేర్ వేసి, యాక్సిలరేటర్ జోలికి వెళ్లకుండా క్లచ్‌ను మెల్లగా వదలాలి. ఒక చోట బండి కదలడం మొదలవుతుంది. ఆ చోటు చేతికి అలవాటయ్యే వరకు ఇదొక్కటే చేయాలి. మిగతా గేర్లకు తొందరేం లేదు.

చూపు ముందు చక్రం మీద కాకుండా వెళ్లాల్సిన దారి మీద ఉండాలి. టెస్టులో '8' వేసేటప్పుడు చాలామంది కాలు కింద పెట్టేసేది ఇక్కడే. తిన్నగా వెళ్తున్నప్పుడు రెండు బ్రేకులూ కలిపి వేయాలి. ఫ్రంట్ బ్రేక్‌కు భయపడి వెనక బ్రేకునే నమ్ముకుంటే బండి త్వరగా ఆగదు. ఇసుక ఉన్న మలుపులో మాత్రం ఫ్రంట్ బ్రేక్ గట్టిగా పట్టొద్దు, జారిపోతుంది.

రోడ్డెక్కాలంటే ఎల్‌ఎల్‌ఆర్ ఉండాల్సిందే. గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి. ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక టెస్టుకు వెళ్లొచ్చు. అప్పటిదాకా బండికి ఎల్ బోర్డు ఉండాలి, నేర్పే వ్యక్తిని తప్ప వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. హెల్మెట్ గ్రౌండ్‌లో కూడా పెట్టుకోవాలి, స్ట్రాప్ బిగించి మరీ.