కుక్కపిల్లకు ఇల్లు: పద్నాలుగు వేల ఏండ్ల ఏర్పాట్లు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాలలో ఒక ఇంటికి కుక్కపిల్ల వచ్చుట పెద్ద విశేషమేమీ కాదు. పొరుగింటి కుక్క ఈనినదని తెలియగానే పిల్లలు పరుగెత్తి వెళ్లి, కండ్లు తెరిచీ తెరవని కూనను ఎత్తుకొని వస్తారు. ఇంట్లో పెద్దవారు కొంత గొణిగి, చివరకు ఒప్పుకొంటారు. పాత గోనెసంచి ఒకటి, మట్టి మూకుడు ఒకటి, మెడకు ఒక తాడు, దానికొక చిన్న గంట: ఇంతటితో ఏర్పాట్లు ముగిసినట్లే. పట్టణంలోనైతే దుకాణానికి వెళ్లి తోలుపట్టీ, గొలుసు, బిస్కెట్ల సంచి, సబ్బు కొంటారు.

ఈ రెండు జాబితాలలోను ముఖ్యమైనదొకటి తరచుగా లోపిస్తుంది. దాని విలువ తెలియాలంటే, కుక్కపిల్ల కోసం మానవుడు ఇల్లు సిద్ధం చేసుకొన్న చరిత్రను మొదటినుంచి చూడవలసి ఉంటుంది.

మొదటి రోగి

కుక్క తోడేలు సంతతి. మన గోదావరి అడవులలో గుంపులుగా వేటాడే రేచుకుక్క దానికి దూరపు బంధువే గాని పూర్వీకుడు కాదు. రేచుకుక్క వేరే ప్రజాతికి చెందినది. తోడేళ్లలో కొన్ని మానవుల విడుదులను ఆశ్రయించి క్రమంగా కుక్కలైనవి. ఆవు, మేక, గొర్రె మచ్చిక కాకముందే, వ్యవసాయం పుట్టకముందే, ఈ పొత్తు కుదిరినది.

1914లో జర్మనీ దేశంలోని బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట రాతిగని పనివారికి ఒక పురాతన సమాధి కనిపించినది. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితోపాటు ఒక కుక్క ఎముకలు ఉన్నవి. ఆ సమాధి వయస్సు సుమారు 14,000 సంవత్సరాలు. కుక్క దంతాలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2018లో ఒక ఆశ్చర్యకరమైన సంగతిని వెల్లడించినారు. చనిపోయేనాటికి ఆ కుక్కకు నిండా ఏడు నెలలు లేవు. అయిదవ నెల ప్రాంతంలో దానికి తీవ్రమైన జబ్బు చేసినది. పంటి పింగాణిమీద మిగిలిన మచ్చలనుబట్టి అది డిస్టెంపర్ అనే వైరస్ వ్యాధి అయి ఉంటుందని వారు నిర్ధారించినారు. జ్వరం, వాంతులు, విరేచనాలు, వణుకు తెచ్చే ఈ వ్యాధి సోకిన పిల్లను వెచ్చగా ఉంచి, శుభ్రం చేసి, నీరు త్రాగిస్తే తప్ప అది కొన్ని వారాలపాటు బ్రతికి ఉండజాలదు. జబ్బుపడిన పిల్ల వేటకు పనికిరాదు, కాపలాకూ పనికిరాదు. అయినా ఎవరో దానికి సపర్యలు చేసినారు. చనిపోయిన పిమ్మట మనుష్యులతోపాటే పూడ్చిపెట్టినారు.

కనుక కుక్కపిల్లకు మానవుడు చేసిన మొదటి ఏర్పాట్లలో మనకు జాడ దొరికినది పట్టీ గాదు, గిన్నె గాదు. జబ్బులో చేసిన సేవ.

కాలిముద్ర, మెడపట్టీ

మన ఉపఖండంలోనూ కుక్క పాతకాపే. కాశ్మీరులోని బూర్జహోంలో కొత్తరాతి యుగపు జనులు మనుష్యులతోపాటు కుక్కలను పాతిపెట్టిన గోతులు బయల్పడినవి. సింధులోయ నాగరికతకు చెందిన మట్టిబొమ్మలలో మెడపట్టీ ధరించిన కుక్కలున్నవి. అంటే నాలుగువేల ఏండ్లకు పూర్వమే కుక్కకు యజమాని ఉన్నాడు. ఆ సంగతి పదిమందికి తెలియజేసే గుర్తు కూడ ఉన్నది.

1935-36లో ఎర్నెస్ట్ మెకే చన్హుదారోలో త్రవ్వకాలు జరిపినప్పుడు ఒక ఇటుక దొరికినది. పచ్చి ఇటుక ఆరుతున్నప్పుడు దానిమీదుగా ముందు ఒక పిల్లి, దాని వెనుక ఒక కుక్క పరుగెత్తిన అడుగుల ముద్రలు దానిపై నిలిచిపోయినవి. ఊరి నడుమ, పని జరిగేచోట కుక్క స్వేచ్ఛగా తిరిగినదనుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

తెలుగు సాహిత్యం తొలి అడుగులోనే ఒక కుక్కపిల్ల ఎదురగుట గమనింపదగినది. పదునొకండవ శతాబ్దిలో నన్నయ రచించిన ఆదిపర్వంలో సరమ కథ ఉన్నది. జనమేజయుడు యజ్ఞం చేస్తున్నచోటికి ఆడుకొంటూ వచ్చిన సారమేయమనే కుక్కపిల్లను రాజు తమ్ములు కారణం లేకుండా కొట్టినారు. అది ఏడుస్తూ పోయి తల్లితో చెప్పుకొన్నది. తల్లి సరమ రాజసభకు వచ్చి, మంచి చెడ్డలు ఆలోచింపక సాధువులను, బలహీనులను బాధించేవారికి ఊహించని ఆపదలు వస్తవని హెచ్చరించి వెళ్లినది.

జనగామ జిల్లాలోని పాలకుర్తి గ్రామంతో పేరు ముడిపడిన పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణంలో ఒక భక్తుని కుక్క వేదం చదివిన కథను చెప్పినాడు. అంటరానిదని తరిమివేయబడే జంతువుచేత వేదం చదివించుట ఆనాటి సమాజానికి ఒక ప్రశ్న. కుక్క స్థానం ఇంటి లోపలా, వెలుపలా అన్న వాదం ఎంత పాతదో ఈ కథవల్ల తెలుస్తుంది.

మంద, తండా, అడవి అంచు

2016 అక్టోబరులో పాత వరంగల్లు జిల్లానుండి విడివడి ఏర్పడిన ఈ మూడు జిల్లాలలో కుక్కకు మూడు రకాల కొలువులు కనిపిస్తవి.

జనగామ వైపు గొర్రెలమందలు ప్రసిద్ధం. కురుమలు, గొల్లలు కొలిచే మల్లన్నను మహారాష్ట్రలో ఖండోబా అంటారు. ఆ దేవుని ప్రక్కన కుక్కకు చోటున్నది. మంద కాచే కుక్కకు ప్రత్యేకమైన ఇల్లు లేదు. గొంగడి పరచిన చోటే దాని ఇల్లు. కూనగా ఉన్నప్పుడే గొర్రెపిల్లల మధ్య వదలుట కాపరుల పద్ధతి. దీనికి శాస్త్రం తరువాత కారణం చెప్పినది. అమెరికాలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు ఎన్నో ఏండ్లు పరిశోధించి 1965లో ప్రకటించిన గ్రంథం ప్రకారం, మూడవ వారంనుండి పన్నెండవ వారంవరకు కుక్కపిల్ల ఎవరితో మెలగుతుందో వారినే జీవితాంతం తనవారిగా ఎంచుతుంది. ఆ వారాలలో మనుష్యులను చూడని పిల్ల తరువాత భయస్థురాలై కరిచే అవకాశం ఎక్కువ.

మహబూబాబాదు, అనగా మానుకోట ప్రాంతం, లంబాడీ తండాలకు నెలవు. ఒకప్పుడు ఎద్దులమీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగిన బంజారాల బిడారులకు కుక్కలే రాత్రి కావలి. పొరుగున ఛత్తీస్‌గఢ్‌లోని ఖప్రీ గ్రామంలో కుక్కకు ఒక గుడి ఉన్నది. దానిని గురించి చెప్పుకొనే కథ ఇది: ఒక బంజారా అప్పుకు తన కుక్కను షావుకారు దగ్గర తాకట్టు పెట్టినాడు. షావుకారు ఇంట దొంగలు పడగా, వారు దాచిన సొమ్మును కుక్క చూపించినది. సంతోషించిన షావుకారు అప్పు తీరినదని చీటి వ్రాసి దాని మెడకు కట్టి పంపినాడు. అది పారిపోయి వచ్చినదని తలచి బంజారా దానిని చంపివేసినాడు. చీటి చదివిన తరువాత ఏడ్చినాడు. కథ నిజమైనా కాకపోయినా అందులోని నీతి నేటికీ పనికివచ్చును. మెడపట్టీపై యజమాని ఫోను నంబరు ఉన్న కుక్క తప్పిపోయినా ఇల్లు చేరగలదు.

భూపాలపల్లి వైపు ఊరు ముగిసేచోట అడవి మొదలవుతుంది. అక్కడ ఇంటి కుక్క అడవి జంతువులు త్రాగే మడుగులోనే నీరు త్రాగవచ్చును. దాని జబ్బు అడవికి పాకగలదు. 2018లో గుజరాతు గిర్ అడవిలో సింహాలు మరణించినప్పుడు వాటిలో కొన్నింటికి డిస్టెంపర్ వైరస్ సోకినట్లు పరీక్షలలో తేలినది. ఓబర్‌కాసెల్ కూనను పీడించినట్లు తోచే జబ్బే పద్నాలుగు వేల ఏండ్ల తరువాత సింహాన్ని పడగొట్టినది.

సూది వచ్చిన కథ

పాతకాలపు ఏర్పాట్లన్నిటిలోను ఒక లోటుండెను. కుక్కపిల్లల జబ్బుకుగాని, పిచ్చికుక్క కాటుకుగాని నివారణ లేదు. 1885 జూలై 6వ తేదీన లూయీ పాశ్చర్ పారిస్‌లో తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్‌కు రేబీస్ టీకా మొదలుపెట్టినాడు. బాలుడు బ్రతికినాడు.

మన దేశంలో మొదటి పాశ్చర్ సంస్థ 1900లో సిమ్లా కొండలలోని కసౌలిలో వెలసినది. దక్షిణాది రోగులు అంతదూరం చేరుటకు ముందే కాలం మించిపోయేది. 1907లో నీలగిరులలోని కూనూరులో రెండవ సంస్థ తెరిచినారు. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడునుండి కొత్త టీకా తయారుచేసినాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని పెద్దలు భయంతో చెప్పుకొనేది ఈ మందునే. అరుదుగా అది నరాల జబ్బును, పక్షవాతాన్ని కలిగించేది. 2004తో మన దేశంలో దాని తయారీ ఆగిపోయినది. ఇప్పుడు కణాలలో పెంచిన వైరస్‌తో చేసే టీకాను నాలుగైదు దఫాలుగా చేతికే ఇస్తారు.

అయితే మనిషికి టీకా వేయుట కాటు పడిన తరువాతి పని. కుక్కకు వేయుట కాటును నిరపాయం చేసే పని. జపానులో ఉమెనో, దోయ్ అనువారు 1921లో కుక్కలకు టీకాను రూపొందించినారు. ఆ దేశం 1950లో చట్టం చేసి ప్రతి కుక్కకు టీకా వేయించగా, 1957 తరువాత అక్కడి జంతువులలో ఆ వ్యాధి లేదు. ప్రపంచంలో రేబీస్ వల్ల ఏటా సుమారు 59,000 మంది మరణిస్తున్నారని అంచనా. కాటుబడినవారిలో పిల్లలు చాలామంది ఉంటారు. ఎందుకనగా కుక్కపిల్లను ఎత్తుకొని తిరిగేది వారే.

డిస్టెంపర్‌కు కారణం వైరస్ అని 1905లో ఫ్రాన్సులో హెన్రీ కారే చూపినాడు. 1920ల చివర ఇంగ్లండులో లెయిడ్లా, డన్కిన్ దానికి టీకా కనిపెట్టినారు. ఆ పరిశోధనకు వేటకుక్కల యజమానులు చందాలు వేసుకొన్నారు. 1978లో పార్వో అనే మరొక వైరస్ తలయెత్తి రెండేండ్లలోనే ప్రపంచమంతటా వ్యాపించినది. రక్తవిరేచనాలతో కూనలను రెండు మూడు దినాలలో చంపే ఈ వ్యాధికి కూడ టీకా ఉన్నది.

నేటి ఇల్లు

ఈ చరిత్రనుబట్టి కుక్కపిల్ల రాకముందు ఇంటిలో చేయవలసినవి ఇవి.

వయస్సు: రెండు నెలలు నిండని పిల్లను తల్లినుండి విడదీయరాదు. 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు అంతకు ముందు అమ్ముటను నిషేధించినవి.

స్థలం: రేకులకప్పు క్రింద మధ్యాహ్నపు వేడిమి కూనకు ప్రాణాంతకం. కుక్కకు మనవలె ఒళ్లంతా చెమట పట్టదు. అది రొప్పి చల్లబడుతుంది. మన జోనంగి జాతి కుక్క నేల త్రవ్వుకొని గుంటలో పడుకొనుట ఈ అవసరం కొరకే. నీడలో, నేలమీద, ఉతుకుటకు వీలైన పాత బొంత, ఎల్లప్పుడు నీటితో నిండిన బరువైన మూకుడు చాలును. ఆ ఇంటిలో మునుపొక కూన పార్వోతో చనిపోయి ఉంటే, ఆ వైరస్ నేలలో చాలా నెలలు నిలువగలదు. బ్లీచింగు ద్రావణంతో గచ్చు కడిగి, పాత బొంతను తగులబెట్టి, టీకాలు పూర్తి అయిన పిల్లనే తేవలెను.

ఆహారం: 1860 ప్రాంతంలో లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ అమ్మిన రొట్టెలనుండి కుక్క బిస్కెట్ల వ్యాపారం మొదలైనది. అవి లేకున్నా నష్టం లేదు. తోడేలుకంటె కుక్కకు పిండిపదార్థాలను జీర్ణంచేసే జన్యువు ప్రతులు ఎక్కువని 2013లో తేలినది. కావున జొన్న గటుక, అన్నం దానికి అరుగుతవి. కాని ఎదిగే కూనకు గ్రుడ్డు, ఉడికించిన మాంసం వంటివి కలుపవలెను. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలను చెరుపుతవి; చాక్లెట్టు గుండెను, ద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీస్తవి.

విషాలు: పత్తికి, మిరపకు చల్లే మందుల డబ్బాలు, ఎలుకల మందు, కలరా ఉండలు, జ్వరం మాత్రలు కూనకు అందని ఎత్తున ఉండవలెను. పశువుల గోమార్లకు వాడే మందును ఆ మోతాదులోనే కూనకు పూయుట ప్రమాదం.

పట్టీ: ప్లాస్టిక్ తాడు పనికిరాదు. కూన పెరిగినకొద్దీ అది మెడలో కోసుకుపోవును. రెండు వ్రేళ్లు దూరేంత వదులుగా నూలు లేదా తోలుపట్టీ ఉంచి వారానికొకసారి సరిచూడవలెను.

టీకాలు: ఇదే జాబితాలో తరచు లోపించేది. రెండు వారాల వయస్సునుండి రెండు వారాలకొకమారు నులిపురుగుల మందు. ఆరు, ఎనిమిది వారాల మధ్య డిస్టెంపర్, పార్వో టీకా మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండేవరకు వైద్యుడు చెప్పిన ఎడంతో మరల వేయించుట. మూడు నెలలకు రేబీస్ టీకా, ఆపై ఏటేటా. పాశ్చర్ తొలి టీకా స్మారకంగా జూలై 6న జరిపే జూనోసిస్ దినాన ప్రభుత్వ పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితంగా రేబీస్ టీకా వేయుట ఆనవాయితీ. కూన పంటి గీత పడినా వెంటనే పదిహేను నిముషాలు సబ్బుతో కడిగి ఆస్పత్రికి వెళ్లవలెను. పసుపు, కారం అద్ది కూర్చొనుట ప్రాణాలమీదికి తెచ్చును.

ఓబర్‌కాసెల్‌లో జబ్బు కూనకు సపర్యలు చేసినవారి దగ్గర ప్రేమ ఉండెను గాని సాధనం లేదు. ఈనాడు సాధనం మండల పశువైద్యశాలదాకా వచ్చి ఉన్నది. కుక్కపిల్లను ఎత్తుకొని ఆ గడప తొక్కుటే ఇంటివారు చేయవలసిన మొదటి ఏర్పాటు. గొలుసు, గంట తరువాత కొనుక్కోవచ్చును.