సగానికి కోసిన పడవ

తెరచాప పడవలో సముద్రాలు తిరిగేవాళ్లకి ఇంకో చిన్న పడవ కూడా కావాలి. పెద్దది ఒడ్డుదాకా రాలేదు కదా, అడుగు నేలకి తగులుతుంది. కాస్త లోతులో లంగరు వేసి, అక్కణ్ణించి తెడ్లేసుకుంటూ ఒడ్డుకి రావడానికీ, మంచినీళ్లూ సరుకులూ చేరేసుకోవడానికీ ఈ చిన్నది. దీన్ని టెండర్ అంటారు (కాంట్రాక్టర్లు వేసే టెండర్ కాదు లెండి). డింగీ అని కూడా అంటారు. అన్నట్టు ఈ డింగీ అన్న మాట ఇంగ్లీషువాళ్లు మన హిందీ, బెంగాలీల్లోంచి పట్టుకుపోయిందే.

ఏ డింగీ మంచిదన్న దగ్గర నావికులు ఇప్పటికీ తెగ వాదించుకుంటారు. తెడ్లకి హాయిగా నడవాలంటే పొడుగ్గా ఉండాలి. డెక్కు మీద పట్టాలంటే పొట్టిగా ఉండాలి. వెనకాల తాడు కట్టి లాక్కుపోదామంటే నడిసముద్రంలో కుదరదు, పెద్ద అలలొస్తే నీళ్లు నిండిపోతుంది. గాలి ఊదే రబ్బరు పడవైతే మడిచి లోపల పడేయొచ్చు గానీ, ఎదురుగాలిలో తెడ్లతో దాన్ని నడపడం ఓ నరకం. మన భాషలో చెప్పాలంటే రిక్వైర్‌మెంట్లన్నీ ఒకదాన్నొకటి పొడుచుకుంటుంటాయి. వీటన్నిటికీ నేను చదివినవాటిలో అతి మొరటు జవాబు 1895 నాటిది.

జాషువా స్లోకమ్ పేరు వినే ఉంటారు. ఒంటరిగా పడవలో ప్రపంచాన్ని చుట్టొచ్చిన మొదటి మనిషి. 1895 ఏప్రిల్ 24న బోస్టన్‌లో బయల్దేరి, 46 వేల మైళ్లు పైచిలుకు తిరిగి, 1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరాడు. ఆయన పడవ స్ప్రే పొడవు 36 అడుగుల 9 అంగుళాలు. పాడుబడ్డదాన్ని 13 నెలలు కూర్చుని స్వయంగా తిరగకట్టుకున్నాడు. ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. సెంట్లతో సహా రాసుకున్న ఈ లెక్కల మనిషి టెండర్ సంగతి మాత్రం బయల్దేరాక, గ్లోస్టర్‌లో ఆగినప్పుడు చూసుకున్నాడు!

గ్లోస్టర్ చేపలరేవు. అక్కడ ఎటు చూసినా డోరీలే. న్యూఫౌండ్‌లాండ్ దగ్గరి సముద్రంలో కాడ్ చేపలు పట్టడానికి ఓడలు వీటినే తీసుకెళ్లేవి. బల్లపరుపు అడుగు, బయటికి వాలిన పక్కలు. కూర్చునే అడ్డబల్లలు తీసేస్తే గ్లాసుల్లా ఒకదాన్లో ఒకటి పేర్చేయొచ్చు. ఖాళీగా ఉంటే ఊగిసలాడతాయి, చేపలు నిండితే కుదురుగా నిలబడతాయి. స్లోకమ్ ఎవరో వదిలేసిన పాత డోరీ ఒకటి తీసుకున్నాడు. స్ప్రే డెక్కు మీద అది పట్టదు, పట్టినా ఒక్కడూ ఎత్తలేడు. ఏం చేశాడంటే, దాన్ని అడ్డంగా రెండుగా కోసి, కోసిన చోట చెక్కలు కొట్టేశాడు. అంతే! ముక్కు దగ్గర తాడు ఉచ్చు ఒకటి బిగించి, తెరచాప ఎత్తే మోకునే దానికి తగిలించి ఒంటిచేత్తో ఎక్కించుకునేవాడు, దించుకునేవాడు.

మొదటిసారి చదివినప్పుడు నవ్వుకున్నాను. తర్వాత అర్థమైంది, ఈయన తెలియక చేసింది కాదు. 1887 చివర్లో బ్రెజిల్ తీరంలో ఓడ పోతే, అక్కడే 35 అడుగుల పడవ కట్టి, పెళ్లాం పిల్లల్ని ఎక్కించుకుని అమెరికా చేరిన ఘనుడు. కోస్తే ఏం పోతుందో ఆయనకి తెలుసు. వెనక కొస సన్నబడకుండా మొండిగా తెగిపోతే నీళ్లని ఈడ్చుకుంటూ నడుస్తుంది. బరువు మోసే శక్తి సగానికి పడిపోతుంది. అయినా 'ఒక్కడే ఎత్తగలగాలి' అన్నదాన్ని పట్టుకుని మిగతావన్నీ వదిలేశాడు.

బాకీ తీర్చాల్సిన రోజు 1895 డిసెంబర్ 11న, ఉరుగ్వే తీరంలో వచ్చింది. వెన్నెల్లో ఇసుకదిబ్బలు కళ్లని మోసం చేశాయి, స్ప్రే ఇసుకలో కూరుకుపోయింది. ఇంజను లేని పడవకి అప్పుడు ఒకటే దారి: లంగరుని చిన్న పడవలో లోతుకి తీసుకెళ్లి పడేసి, ఆ మోకు పట్టుకుని పెద్దదాన్ని బయటికి లాగడం. చిన్న లంగరు ఎలాగో వేసొచ్చాడు. పెద్ద లంగరూ దాని మోకూ ఎక్కించేసరికి సగం పడవ మునగడానికి సిద్ధమైంది. పైగా కారుతోంది. తగినంత లోతుకి చేరేలోపు నిండిపోయింది. తెడ్లు వదిలేసి లేచి, లంగరుని తల మీదికెత్తి నీళ్లలోకి విసిరాడు. అదే క్షణంలో పడవ తిరగబడింది. దాని అంచు పట్టుకుని వేలాడుతుంటే అప్పుడు గుర్తొచ్చిందట, తనకి ఈత రాదని!

నాకూ రాదు. ఇక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

పడవని వెల్లకిలా తిప్పబోతే, అది పూర్తిగా ఓ చుట్టు తిరిగి మళ్లీ బోర్లా పడేది. మూడుసార్లు నీళ్లలో మునిగాడు. ఇక పోయాననుకుంటూనే ఇంకోసారి ప్రయత్నించడానికి కారణం, ఊళ్లో మిగిలినవాళ్లు 'మేం ముందే చెప్పాం' అనకూడదని. (మన ఆఫీసుల్లో ఎన్ని ప్రాజెక్టులు ఈ ఒక్క కారణంతో బతికాయో!) నాలుగోసారి తిరిగింది. దొరికిన ఒక్క తెడ్డుతో ఒడ్డుకి చేరాడు.

తప్పెవరిది? నా మటుకు నాకు కోయడంలో తప్పు కనిపించదు. స్ప్రే మీద నిండు డోరీకి చోటే లేదు, దాని బదులు ఏ డింగీ కూడా ఉండేది కాదు. ఆయన తేడా పడింది లోడు దగ్గర. 'ఒక మనిషికి సరిపోతుంది' అని కొలిచాడు గానీ, టెండర్ అసలు ఉద్యోగం మనుషుల్ని మోయడం ఒకటే కాదు, ఇలాంటి రోజున లంగరు మోయడం కూడా. జీవితమంతా ఓడల మీద గడిపినవాడికి అది తెలియంది కాదు. ఇప్పుడు కొందరు రెండు ముక్కలూ ఉంచుకుని, డెక్కు మీద ఒకదాన్లో ఒకటి పెట్టి, దించేటప్పుడు బోల్టులతో బిగించేసుకుంటున్నారు. గ్లోస్టర్‌లో ఆ రెండో ముక్కని చూసి స్లోకమ్‌కి ఈ ఆలోచన రాలేదా అని నాకు భలే కుతూహలం.

అయితే ఆ సగం పడవ మీద ఆయనకి ఏ కోపమూ లేదు. డెక్కు మీద ఉన్నప్పుడు దాన్నే స్నానాల తొట్టిగా వాడుకున్నాడు, అందులోనే బట్టలు ఉతుక్కున్నాడు. 1896లో సమోవా చేరినప్పుడు, ఆయన బట్టలు ఉతికిన చాకలామె దాన్ని చూసి, అది తనకి కావాల్సిందేనని పట్టుబట్టిందట. మిషనరీలు తెచ్చిన ఏ అమెరికా యంత్రమూ దీని ముందు పనికిరాదని ఆమెకి ఒక్క చూపులో తెలిసిపోయిందని రాశాడు.