ట్రాక్ట్ నుంచి షెడ్యూల్డ్ ఏరియా దాకా

విశాలమైన భూభాగాన్ని చెప్పడానికి ఇంగ్లీషులో ఉన్న పేర్లలో 'ట్రాక్ట్' ఒకటి. లాగడం, ఈడ్వడం అనే అర్థమున్న లాటిన్ క్రియ దీనికి మూలం. దుక్కి దున్నే ట్రాక్టర్ పేరు కూడా ఆ కుదురులోదే. బారుగా సాగిపోయిన నేల అన్న అర్థంలో 16వ శతాబ్దం నుంచి ఇంగ్లీషులో వాడుతున్నారు. మత ప్రచారానికి పంచే చిన్న పుస్తకాన్నీ ట్రాక్ట్ అనే అంటారు గాని, ఆ అర్థం వేరు.

నిఘంటువులు దీనికి రీజియన్, ఏరియా, జోన్, బెల్ట్ వంటి పర్యాయపదాలు ఇస్తాయి. వాటి పుట్టుకలు వేరు. రీజియన్‌లో ఏలుబడి ఉంది. జోన్ అంటే గ్రీకులో నడికట్టు. ఏరియా లాటిన్‌లో ఖాళీ స్థలం, ధాన్యం నూర్చే కళ్లం. ట్రాక్ట్‌కు మాత్రం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పనక్కర లేదు. తెలుగులో ప్రాంతం, భూభాగం, సీమ దీనికి దగ్గరి మాటలు. అంచు తేలని ఈ మాట మద్రాసు ప్రెసిడెన్సీ చట్టాల్లోకి ఎక్కి, తూర్పు కనుమల్లో భూమి ఎవరిదో తేల్చే స్థాయికి చేరింది. తెలుగువారికి సంబంధించినంతవరకు దాని అసలు చరిత్ర అక్కడే ఉంది.

1830లలో పర్లాకిమిడి, గుంసూరు వంటి కొండ జమీందారీలు కుంపిణీపై తిరగబడ్డాయి. మద్రాసు ప్రభుత్వం జార్జ్ రస్సెల్‌ను ప్రత్యేక కమిషనరుగా పంపింది. ఆ తర్వాత వచ్చిన 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కలెక్టర్ల చేతిలో పెట్టింది. అక్కడ కలెక్టరు గవర్నరు తరఫు ఏజెంటు కూడా. శిస్తు వసూలు చేసేదీ, తగవు తీర్చేదీ ఆయనే. ఆ ఏజెంటు అధికారం కిందికి వచ్చిన నేలే 'ఏజెన్సీ' అయింది. అంతకు ముందునుంచీ జనం మన్యం అంటున్న కొండసీమకు అది సర్కారు పెట్టిన పేరు. 1874లో షెడ్యూల్డ్ డిస్ట్రిక్ట్స్ చట్టం వచ్చింది. ఏయే ప్రాంతాలకు మామూలు చట్టాలు వర్తించవో ఒక జాబితాగా రాసి దానికి జతచేశారు. 'షెడ్యూల్డ్' అనే మాట అలా ఈ కొండలకు అంటుకుంది.

మైదానం నుంచి వచ్చిన షావుకార్ల అప్పులకు గిరిజనుల పొలాలు పోతుంటే, 1917లో 'ఏజెన్సీ ట్రాక్ట్స్' పేరుతోనే మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. గిరిజనుడి అప్పుపై వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటరాదు, చక్రవడ్డీ కూడదు. ఏజెంటు లేదా నిర్దేశిత అధికారి అనుమతి లేకుండా గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి బదిలీ అయితే చెల్లదు. కాగితం మీద ఇది బలమైన రక్షణే. అయితే అనుమతి అనే తలుపు తెరిచే ఉంది.

1919 నాటి భారత ప్రభుత్వ చట్టం ఇలాంటి చోట్లను 'వెనుకబడిన ట్రాక్టులు' అంది. ఇది అన్యాయమైన పేరు. పోడు వ్యవసాయంపై ఆంక్షలు పెట్టి, రోడ్డు పనుల్లో కూలి ఎగ్గొట్టి, ఆ బాధలు పడ్డ జనాన్నే వెనుకబడినవారనడం తగదు. ఆ కష్టాల మీదే అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం తిరగబడింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడితో మొదలైన ఆ పోరు 1924 దాకా నడిచింది.

1935 నాటి భారత ప్రభుత్వ చట్టం 'ట్రాక్ట్' తీసేసి 'ఏరియా' పెట్టింది. 1950లో రాజ్యాంగం ఐదో షెడ్యూలు దానినే 'షెడ్యూల్డ్ ఏరియా'గా నిలిపింది. నిజాం రాజ్యంలో దారి వేరు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ పోరాటం తర్వాత సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌తో గోండుల స్థితిగతులపై అధ్యయనం చేయించింది, గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో 1959 నాటి 1వ రెగ్యులేషన్ 1917 చట్టం స్థానంలోకి వచ్చి, 1963 నుంచి తెలంగాణ ప్రాంతానికీ విస్తరించింది. 1970 సవరణ అసలు మలుపు. షెడ్యూల్డ్ ఏరియాలో భూమిని ఎవరు అమ్మినా గిరిజనుడికో, గిరిజనుల సహకార సంఘానికో అమ్మాలి. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది, కాదని చూపాల్సింది అతనే. అనంతగిరి మండలంలోని గనుల లీజులపై నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ఈ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని, ప్రైవేటు గనుల కంపెనీలకు ఆ భూమి లీజుకివ్వరాదని చెప్పింది.

2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పడ్డాయి. జనం మాట జిల్లా పేరయింది. షెడ్యూల్డ్ ఏరియా ఊళ్ల జాబితా మాత్రం ఇంకా అసంపూర్ణమే. గిరిజనులే ఉంటున్నా షెడ్యూలులో చేరని గ్రామాలు కొండల అంచున ఎన్నో ఉన్నాయి. అక్కడ 1970 నిషేధం పనిచేయదు, గిరిజనుడి పొలాన్ని ఎవరైనా కొనవచ్చు. తమ ఊళ్లను జాబితాలో చేర్చాలని ఆ గ్రామాలవారు ఏళ్ల తరబడి అడుగుతున్నారు.