బీదరు ఆకాశము, విమానపు పందిరి

బీదరులో కాపురమున్న మన తెలుగు కుటుంబములకు విమానపు చప్పుడు క్రొత్త గాదు. ఉగాదినాడు వేపపూత దులుపుకొనే వేళకు కూడ నెత్తిమీద ఏదో ఒకటి గిరికీలు కొట్టుతూనే ఉంటుంది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విడిపోయినపుడు ఈ జిల్లానుండి జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. బీదరు పట్టణము మైసూరు రాష్ట్రములో చేరినది. గీత నేలమీదనే గీచినారు గనుక పైనబోయే విమానములను మాత్రము అటువారూ ఇటువారూ కలిసియే చూచినారు.

ఇక్కడి శిక్షణ విమానములలో ముఖ్యమైనవి రెండు మన ఇంటనే పుట్టినవి. ఘాటగే గారి ఆధ్వర్యమున బెంగుళూరు హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వారు నిర్మించిన హెచ్.టి.-2 1951 ఆగస్టు 5న తొలిసారి ఎగిరినది. అందులో గురువు, శిష్యుడు ఒకరి వెనుక నొకరు కూర్చుందురు. తరువాతది కిరణ్. 1964 సెప్టెంబరు 4న సురంజన్ దాస్ గారు దానిని మొదటిసారి నడిపినారు. అది జెట్టు విమానము. ఇద్దరూ ప్రక్కప్రక్కనే కూర్చుందురు. శిష్యుని చేయి ఎక్కడ తడబడుచున్నదో గురువు కంటితో చూడవచ్చును. అయితే ఇద్దరు ప్రక్కన కూర్చున్నచో వారి తలలపై పందిరి కూడ వెడల్పు కావలెను గదా!

పందిరి అన్నది మా మాట కాదు. పైలటు తలపైనుండే పారదర్శకపు మూతను ఇంగ్లీషువారు కానొపీ అందురు. దాని అర్థమే అది. చూచుటకు గాజువలె ఉన్నను అది సాధారణముగా యాక్రిలిక్. దానిని లోహపు చట్రములో కూర్చుటలోనే చిక్కంతా ఉన్నది. ఎండకు 30 డిగ్రీల వేడి పెరిగినచో మీటరు పొడవుగల యాక్రిలిక్ సుమారు 2 మిల్లీమీటర్లు సాగును, అల్యూమినియము 0.7 మాత్రమే. రెంటినీ బిగించి కూర్చితే మరలచుట్టూ బీటలు పుట్టును. అందుచేత రంధ్రము మరకంటె కొంచెము పెద్దదిగా తొలిచి, కదలుటకు చోటు వదలుదురు. మన బిద్రీ పనివాని తీరు దీనికి సరిగా తిరుగుడు: గాడిలో వెండితీగ ఎంత బిగిస్తే పని అంత గొప్ప.

అమెరికాలో 1953లో ఏర్పడిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ సభ్యులు తమ కారుషెడ్లలోనే విమానములు కట్టుకొందురు. వారికి కూడ గుండె దడ పుట్టించే ఘట్టమిదే. ముందు చట్రమును విమానపు ఒడలికి సరిపరచి, తరువాత యాక్రిలిక్‌ను కొద్దికొద్దిగా కోసి, పెట్టి చూచి, తీసి, మరల కోయుదురు. చలిలో అది పెళుసు గనుక వెచ్చని దినము కొరకు కాచుకొందురు. ఒక్క అంగుళము ఎక్కువ కోసితిరా, అతుకు లేదు, క్రొత్తది కొనవలసినదే. ఇంత ఓపిక మా వంటివారికెక్కడిది!

కిరణ్ పేరు ఊరూర మ్రోగినది సూర్యకిరణ్ దళము వలన. 1996లో ఆ దళము బీదరులోనే పుట్టినది. తొమ్మిది విమానములు రెక్కకు రెక్క ఆనించినట్లు పోవుచుండగా మేము మేడలెక్కి చూచినాము. ఆ పందిళ్ళలోనుండి పైలట్లు ప్రక్క విమానమునే చూపుతో పట్టుకొని నడుపుదురు. గీత పడిన మూత వారికి పనికిరాదు. చప్పట్లు కొట్టే మాకు ఆ పని వెల తెలియనిది కాదు. 2006 మార్చిలో బీదరు వద్ద కూలిన కిరణ్‌లో ఇద్దరు, 2009 జనవరిలో మరియొకరు పోయినారు. ఆ సాయంకాలములు బజారులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

2011లో శిక్షణకు విమానములు చాలక దళమును ఆపివేసినారు. 2008లోనే బీదరు చేరిన హాక్ విమానములతో 2015లో మరల నిలిపినారు. హాక్ రూపకల్పన బ్రిటిషువారిది. మనవి చాలవరకు బెంగుళూరులో కట్టినవి. దాని పందిరిలో వంకరటింకరగా ఒక సన్నని త్రాడు కనబడును. అది ప్రేలుడు త్రాడు. ప్రమాదమున పైలటు పిడి లాగగానే అది మూతను పగులగొట్టును, ఆ వెంటనే కుర్చీ అతనిని బయటికి ఎగురవేయును.