హెల్మెట్‌లో చెవికి చోటు

మోటార్‌సైకిల్ హెల్మెట్ పుర్రెను కాపాడటానికి పుట్టింది. చెవి సంగతి దాని తయారీదారులు చాలాకాలం పట్టించుకోలేదు. 1935 మే 13న ఇంగ్లండ్‌లో బ్రిటిష్ సైనికాధికారి, రచయిత టి.ఇ. లారెన్స్ మోటార్‌సైకిల్ మీద నుంచి పడి, ఆరు రోజులకు చనిపోయారు. ఆయనను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ ఒకరు. తలకు దెబ్బ తగిలి చనిపోయే మోటార్‌సైకిలిస్టుల గురించి కెయిర్న్స్ ఆ తర్వాత ఏళ్ల తరబడి పరిశోధించి, 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించారు. ఆ ఏడాది చివర్లోనే బ్రిటిష్ సైన్యం తన మోటార్‌సైకిల్ వార్తాహరులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. పైన గట్టి డిప్ప, లోపల దెబ్బను పీల్చుకుని నలిగిపోయే పొర ఉండే నమూనాకు 1953లో అమెరికాలో పేటెంట్ వచ్చింది. నేటి హెల్మెట్లన్నిటికీ మూలం అదే. 1960 దశకంలో ముఖమంతా కప్పే రకం వచ్చి, గడ్డం దాకా రక్షణ దొరికింది.

శబ్దాన్ని శబ్దంతోనే అణచే ఆలోచన హెల్మెట్‌తో సంబంధం లేకుండా, వేరే దారిలో పెరిగింది. జర్మనీకి చెందిన పాల్ లూయెగ్ 1933లో స్వదేశంలో దరఖాస్తు చేసి, 1936లో అమెరికన్ పేటెంట్ పొందారు. వచ్చే ధ్వని తరంగాన్ని మైక్రోఫోన్‌తో పట్టి, దానికి సరిగ్గా ఎదురైన తరంగాన్ని స్పీకర్‌తో వదిలితే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయన్నది సూత్రం. అంత వేగంగా లెక్క తేల్చే ఎలక్ట్రానిక్ పరికరాలు అప్పటికి లేవు. 1953లో ఆర్‌సీఏ సంస్థలో హ్యారీ ఓల్సన్, ఎవరెట్ మే కలిసి ఒక చిన్న ప్రదేశం వరకు ధ్వనిని తగ్గించే పరికరం చేసి చూపించారు. అసలు మలుపు విమానాల నుంచి వచ్చింది. అమెరికన్ ఇంజనీర్ అమర్ బోస్ 1978లో జ్యూరిచ్ నుంచి ఇంటికి తిరిగివెళ్తూ, విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్లలో ఇంజన్ హోరు తప్ప సంగీతం వినపడక, కాగితం మీద లెక్కలు మొదలుపెట్టారు. పైలట్లు కొనుక్కోగల హెడ్‌సెట్‌గా ఆ లెక్కలు మారడానికి 1989 దాకా పట్టింది.

విమానం నుంచి హెల్మెట్‌కు రావడం మరింత కష్టమైంది, ఇక్కడ అడ్డంకి గాలి కాబట్టి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఇంజన్ చప్పుడే ఎక్కువ. గంటకు 60, 70 కిలోమీటర్లు దాటాక గాలి హోరు మిగిలినవాటన్నిటినీ మించిపోతుంది. హైవే వేగంలో హెల్మెట్ లోపల అది వంద డెసిబెల్స్ దరిదాపులకు చేరుతుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం అంత శబ్దాన్ని చెవి రోజుకు పావుగంటే భరించగలదు. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విండ్ టన్నెల్‌లో కొలిచి చూస్తే, గడ్డం కింద సుడి తిరిగే గాలి ఈ హోరుకు ముఖ్య కారణమని తేలింది. అంటే రక్షణకని పెట్టిన కవచం దగ్గరే శబ్దం పుడుతోంది.

బ్లూటూత్ వచ్చాక 2000 దశకంలో హెల్మెట్ స్పీకర్లు మార్కెట్లోకి వచ్చాయి. వాటితో హోరు తగ్గలేదు సరికదా, దాన్ని మించి వినపడాలని వాల్యూమ్ పెంచడంతో చెవి మీద భారం ఇంకా పెరిగింది. శబ్దాన్ని రద్దు చేసే మైక్రోఫోన్లు, స్పీకర్లు లోపలే అమర్చిన హెల్మెట్లను దక్షిణ కొరియాకు చెందిన సెనా లాంటి కంపెనీలు ఆ తర్వాతి దశాబ్దంలో తెచ్చాయి. గాలి హోరులో ఎక్కువ భాగం తక్కువ పౌనఃపున్యాల ధ్వనే. ఈ సాంకేతికత బాగా పనిచేసేదీ అక్కడే. అయితే హెడ్‌ఫోన్‌లా చెవిని బిగించి మూయడం హెల్మెట్‌లో కుదరదు. తల తిప్పినప్పుడల్లా స్పీకర్‌కూ చెవికీ మధ్య దూరం మారి, రద్దు కావాల్సిన తరంగం గురి తప్పుతుంది.

జార్ఖండ్‌లో జంషెడ్‌పూర్ పక్కనున్న గమ్హరియాలో ఈ చరిత్రకు మరో కోణం కనిపిస్తుంది. ఈ ప్రాంతం టాటా ట్రక్కుల కర్మాగారానికి విడిభాగాలు చేసే ఆదిత్యపూర్ పారిశ్రామికవాడతో కలిసి పెరిగింది. ఫ్యాక్టరీ లోపల ఎనిమిది గంటల షిఫ్టుకు 90 డెసిబెల్స్ పరిమితి ఉంది. షిఫ్టు ముగించుకుని టాటా–కాండ్రా రోడ్డెక్కిన కార్మికుడి చెవికి మాత్రం ఏ పరిమితీ లేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ తలకు హెల్మెట్ కావాలంటుంది. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరైంది. చెవి ఊసు చట్టంలో లేదు.

లారీలు, ట్రైలర్లు నడిచే ఇలాంటి రోడ్డు మీద వేగం తక్కువ, కాబట్టి గాలి హోరూ తక్కువే. ఇక్కడ వినపడాల్సింది వెనక వచ్చే బండి హారన్. అందువల్ల పాటల కోసం స్పీకర్లు పెట్టుకోవడం ప్రమాదమే. రోజూ హైవే మీద దూరాలు వెళ్లేవారికి మాత్రం శబ్దాన్ని రద్దు చేసే పరికరం నిజంగా మేలు చేస్తుంది, అదీ వాల్యూమ్ తగ్గించి వాడితేనే. స్పీకర్ పట్టలేదని లోపలి థర్మోకోల్ పొరను కోయడం మాత్రం ఎవరికీ తగదు. దెబ్బను పీల్చుకునేది ఆ పొరే. చెవి దగ్గర విడిగా గుంట ఉన్న హెల్మెట్‌నే ఎంచుకోవాలి. అది దొరకనప్పుడు, హోరును ఇరవై డెసిబెల్స్‌కు పైగా తగ్గించగల మామూలు నురుగు ఇయర్‌ప్లగ్గులే హైవే ప్రయాణానికి మేలు.